సూరత్ పాత నగరంలో ఫ్లాట్: ధర తక్కువ, తెలుసుకోవలసింది ఎక్కువ

సూరత్: తాపీ నది ఒడ్డున చౌక్ బజార్ నుంచి గోపీపురా, నాన్‌పురా, మహీధర్‌పురాల వైపు సాగే ఇరుకు వీధుల్లో చెక్కడపు పనితనం నిండిన కలప ముఖద్వారాల ఇళ్లు నేటికీ కనిపిస్తాయి. వాటి పక్కనే, అనేక చోట్ల వాటి స్థానంలోనే, నాలుగైదు దశాబ్దాల కిందట లేచిన మూడు నాలుగు అంతస్తుల భవనాలున్నాయి. బజారు, రైల్వే స్టేషన్, వజ్రాల మార్కెట్, వస్త్ర మార్కెట్లు దగ్గర. శివార్లలోని కొత్త ఫ్లాటుతో పోలిస్తే పాత భవనంలోని ఫ్లాటు తక్కువ ధరకు దొరకవచ్చు. ఈ కారణాలతోనే పాత నగరం కొనుగోలుదారులను ఆకర్షిస్తోంది.

ఇటువంటి ఫ్లాటును చూపించే దళారి సాధారణంగా రెండు మాటలు చెబుతాడు. మొదటిది: ఇది పాతకాలపు కట్టడం, ఇలాంటిది మళ్లీ దొరకదు. రెండోది: త్వరలో ఈ భవనం పునర్నిర్మాణానికి వెళ్తుంది, పాత ఫ్లాటుకు బదులు కొత్త ఫ్లాటు వస్తుంది. విడివిడిగా ఈ రెండూ నిజం కావచ్చు. ఒకే భవనం విషయంలో రెండూ ఏకకాలంలో నిజం కావడం అరుదు. కాపాడవలసిన కట్టడమైతే దాన్ని కూల్చడం కష్టం. కూల్చబోయే కట్టడమైతే చెక్కడపు స్తంభాలకు చెల్లించే అదనపు ధరకు అర్థం లేదు. తాను కొంటున్నది ఏ భవిష్యత్తునో తేల్చుకోకుండా బయానా ఇవ్వడమే పాత నగరంలో ఇల్లు కొనేవారు చేసే మొదటి పొరపాటు.

సూరత్‌లో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా లింబాయత్, ఉధ్నా పరిసరాల్లో స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతోంది. మగ్గం మీద కూడబెట్టిన సొమ్ముతో ఇల్లు కొనాలనుకునే కుటుంబానికి ఈ కొనుగోలు జీవితంలో ఒక్కసారి చేసే నిర్ణయం. పత్రాలన్నీ గుజరాతీలో ఉంటాయి. చట్టాలు తెలుగు రాష్ట్రాల చట్టాల వంటివి కావు. అందువల్ల పాత భవనంలో ఫ్లాటు కొనడం అంటే ఏమిటో ముందుగా అర్థం చేసుకోవడం అవసరం.

నగరం వయసు వేరు, భవనం వయసు వేరు

సూరత్ చరిత్ర సుదీర్ఘమైనది. గోపీ తలావ్ 16వ శతాబ్దం ఆరంభానికి చెందినది. కోట నిర్మాణం 1540లలో జరిగింది. మచిలీపట్నంలో 1611లో వర్తక స్థావరం ఏర్పరచుకున్న ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీ, రెండేళ్ల తరువాత మొఘల్ చక్రవర్తి జహంగీర్ అనుమతితో సూరత్‌లో స్థావరం నెలకొల్పింది. 1664లోను, 1670లోను శివాజీ సేనలు ఈ రేవు పట్టణంపై దాడి చేశాయి. షాజహాన్ కాలపు మొఘల్ సరాయి భవనమే నేడు నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయం.

అయితే నగరం పాతది కావడం వల్ల ప్రతి ఇల్లూ పాతది కాదు. 1837లో సంభవించిన అగ్నిప్రమాదంలో తొమ్మిది వేలకు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. నాటి ఇళ్లలో కలప వాడకం ఎక్కువ కావడంతో మంటలు వీధి నుంచి వీధికి పాకాయి. అందువల్ల ‘మూడు వందల ఏళ్ల హవేలీ’ అన్న మాట వినగానే నమ్మనవసరం లేదు. సిటీ సర్వే రికార్డులు, పాత దస్తావేజులు, పన్ను రికార్డులు చూస్తేనే భవనం వయసు కొంతవరకు తేలుతుంది.

స్థూలంగా చూస్తే, పాత నగరంలో ఫ్లాటు పేరిట అమ్మకానికి వచ్చేవి మూడు రకాలు. మొదటిది, ఉమ్మడి కుటుంబపు పాత ఇంటిని అంతస్తులవారీగా విభజించి అమ్మేది. రెండోది, పాత ఇంటిని కూల్చి అదే చిన్న స్థలంలో కాంక్రీటుతో కట్టిన అపార్ట్‌మెంట్. మూడోది, సహకార గృహ సంఘంగా నమోదైన భవనం. బయటి నుంచి చూస్తే మూడూ ఫ్లాట్లే. చట్టం దృష్టిలో మూడూ వేర్వేరు. కొనుగోలుదారు అడగవలసిన తొలి ప్రశ్న ధర గురించి కాదు, ఇది ఏ రకానికి చెందినదన్నది.

కొనేది గదులు మాత్రమే కాదు

విదేశాల్లో కండోమినియం అని పిలిచే వ్యవస్థలో గదులు ఒకరి సొంతం, స్థలం, మెట్లు, పైకప్పు, గోడలు అందరి ఉమ్మడి సొత్తు. భారతదేశంలోనూ ఇదే సూత్రం ఆధారంగా ఆయా రాష్ట్రాలు చట్టాలు చేసుకున్నాయి. తెలుగు రాష్ట్రాల్లో 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం వర్తిస్తుంది. అక్కడ అమ్మకపు దస్తావేజులో ఫ్లాటుతో పాటు స్థలంలో అవిభాజ్య వాటా ఎన్ని చదరపు గజాలో రాయడం ఆనవాయితీ. తెలుగు కొనుగోలుదారు మొదట వెతికేది ఆ అంకెనే.

గుజరాత్‌లో ఆ అంకె కనిపించకపోవచ్చు. ఇక్కడ 1973 నాటి గుజరాత్ ఓనర్‌షిప్ ఫ్లాట్స్ చట్టం, 1961 నాటి గుజరాత్ సహకార సంఘాల చట్టం రెండూ వాడుకలో ఉన్నాయి. సహకార గృహ సంఘమైతే స్థలం, భవనం సంఘం పేరిట ఉంటాయి. సభ్యుడికి వాటా పత్రం, దానితో ముడిపడిన నివాస హక్కు దక్కుతాయి. కొన్ని పాత భవనాలు వాణిజ్యేతర కార్పొరేషన్ అనే రూపంలోనూ నమోదయ్యాయి. ఇక అంతస్తులవారీగా అమ్మిన పాత ఇంట్లో సంఘమే ఉండదు. పైకప్పు కారితే మరమ్మతు ఖర్చు ఎవరు భరించాలి, మెట్ల కింది స్థలం ఎవరిది, మేడ మీద ఇంకో గది కట్టే హక్కు ఎవరికి ఉంది అన్న వాటికి దస్తావేజులో రాసిన మాటలే ఆధారం. అందులో రాయకపోతే వివాదమే మిగులుతుంది.

ఇంటి ధర తక్కువగా కనిపించడానికి అసలు కారణం చాలాసార్లు ఇక్కడే దాగి ఉంటుంది. పది సంవత్సరాల తరువాత భవనం పాడైతే గదుల విలువ దాదాపు శూన్యం. మిగిలేది స్థలంలో వాటా మాత్రమే. ఆ వాటా పత్రాల్లో స్పష్టంగా లేకపోతే, మిగిలేది అది కూడా కాదు.

పత్రాల్లో వెతకవలసినవి

గుజరాత్‌లో అమ్మకపు ఒప్పందాన్ని బాణాఖత్ లేదా సాటాఖత్ అంటారు. అమ్మకపు పత్రం దస్తావేజ్. తెలుగువారికి ఇది పరిచిత పదమే. కుటుంబ వంశవృక్షాన్ని తెలిపే పత్రం పెఢీనాము. మున్సిపల్ పన్ను బిల్లును వేరా బిల్లు అంటారు. పాత నగరంలో స్థలాలకు సిటీ సర్వే శాఖ జారీ చేసే ప్రాపర్టీ కార్డు కీలకం. పొలాలకు ఉండే 7/12 పత్రం ఇక్కడ వర్తించదు.

వేరా బిల్లు తన పేరిట ఉందని చెప్పి ఇల్లు అమ్మజూపేవారుంటారు. పన్ను బిల్లు పన్ను ఎవరు కడుతున్నారో చెబుతుంది, యాజమాన్యాన్ని నిరూపించదు. అలాగే నోటరీ చేయించిన స్టాంపు కాగితం, సాధారణ అధికార పత్రం, స్వాధీన రసీదు చూపి అమ్మకం పూర్తయిందనడం చెల్లదు. ఇటువంటి జీపీఏ అమ్మకాలు యాజమాన్య హక్కును బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది. రిజిస్టరైన దస్తావేజు ఒక్కటే హక్కును బదిలీ చేస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈసీ తీసుకున్నట్టే, గుజరాత్‌లో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ఇండెక్స్-2 నకళ్లు తీసుకుని గత 30 ఏళ్ల లావాదేవీలను న్యాయవాది పరిశీలిస్తారు. అభ్యంతరాలు ఉంటే తెలపాలంటూ స్థానిక గుజరాతీ దినపత్రికలో ప్రకటన ఇవ్వడమూ ఆనవాయితీ. ఆ తరువాతే హక్కు నిర్ధారణ పత్రం ఇస్తారు. ఈ ఖర్చు మొత్తం ధరలో చాలా చిన్న భాగం. దాన్ని మిగుల్చుకోవాలని చూడటం వివేకం కాదు.

పాత ఇళ్ల విషయంలో వారసుల సంఖ్య పెద్ద చిక్కు. మూడు తరాలుగా పంపకం జరగని ఇంటికి ఇరవై ముప్పై మంది హక్కుదారులు ఉండటం వింత కాదు. కొందరు ముంబయిలో, మరికొందరు విదేశాల్లో ఉంటారు. 2005 సవరణ ద్వారా హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు కుమారులతో సమానంగా జన్మహక్కు లభించింది. 2005 నాటికి తండ్రి జీవించి ఉన్నా లేకపోయినా ఈ హక్కు వర్తిస్తుందని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందువల్ల పెఢీనాములో ఆడపిల్లల పేర్లు ఉన్నాయా, వారు దస్తావేజుపై సంతకం చేస్తున్నారా అన్నది తప్పనిసరిగా చూడాలి. విదేశాల్లో ఉన్న వారసుడు పంపిన అధికార పత్రం అక్కడి భారత దౌత్య కార్యాలయం లేదా నోటరీ ధ్రువీకరణతో ఉండాలి. భారత్‌కు చేరిన మూడు నెలల్లోగా దానికి స్టాంపు సుంకం చెల్లించాలి.

మరో రెండు అంశాలు పాత నగరానికి ప్రత్యేకం. ఒకటి, పగ్డీ. అంటే గతంలో పెద్ద మొత్తం చెల్లించి, నామమాత్రపు అద్దెపై తరతరాలుగా ఉంటున్న అద్దెదారు. 1947 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇటువంటి వారికి రక్షణ కల్పించింది. యజమాని నుంచి ఇల్లు కొన్నప్పటికీ అద్దెదారు ఖాళీ చేయకపోవచ్చు. పగ్డీదారు నుంచి కొంటే అసలు యాజమాన్యమే రాదు. రెండోది, ట్రస్టు ఆస్తులు. వివిధ మతాలకు, సమాజాలకు చెందిన ధార్మిక ట్రస్టులకు పాత నగరాల్లో ఆస్తులుంటాయి. పబ్లిక్ ట్రస్టుకు చెందిన స్థిరాస్తిని చారిటీ కమిషనర్ ముందస్తు అనుమతి లేకుండా అమ్మరాదు.

కలెక్టర్ అనుమతి అవసరమా?

తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చినవారికి బొత్తిగా కొత్తగా తోచే నిబంధన ఇది. మత ఘర్షణల నేపథ్యంలో భయంతో, ఒత్తిడితో జరిగే అమ్మకాలను నిరోధించే ఉద్దేశంతో గుజరాత్ ప్రభుత్వం 1986లో ఒక చట్టం తెచ్చింది. దాని స్థానంలో 1991లో మరింత విస్తృతమైన చట్టం చేసింది. ‘అశాంత్ ధారా’ అని వాడుకలో పిలిచే ఈ చట్టం కింద ప్రభుత్వం కల్లోలిత ప్రాంతంగా ప్రకటించిన చోట స్థిరాస్తి బదిలీకి జిల్లా కలెక్టర్ ముందస్తు అనుమతి ఉండాలి. అమ్మకం స్వేచ్ఛా సమ్మతితో, న్యాయమైన ధరకు జరుగుతున్నదని నిర్ధారించుకున్నాకే అనుమతి ఇస్తారు. అనుమతి లేని బదిలీ చెల్లదు. 2020లో అమల్లోకి వచ్చిన సవరణ శిక్షలను మరింత కఠినం చేసింది.

సూరత్ పాత నగరంలోని పలు ప్రాంతాలు ఈ చట్టం పరిధిలో ఉన్నాయి. ఇది కొనుగోలుదారు ఏ మతస్థుడైనా, అమ్మకం ఎవరి మధ్య జరిగినా వర్తించే నిబంధన. కల్లోలిత ప్రాంతాల జాబితాను ప్రభుత్వం కాలపరిమితితో ప్రకటిస్తుంది, పొడిగిస్తుంది, కొత్త ప్రాంతాలను చేరుస్తుంది. అందువల్ల పొరుగువారు గత ఏడాది అనుమతి లేకుండా కొన్నారన్నది ఆధారం కాదు. కొనే రోజున ఆ సిటీ సర్వే నంబరు పరిధిలో ఉందో లేదో కలెక్టర్ కార్యాలయంలో రూఢి చేసుకోవాలి.

ఆచరణలో దీని ప్రభావం బయానా ఒప్పందంపై పడుతుంది. విచారణకు సమయం పడుతుంది. అనుమతి నిరాకరిస్తే ముందుగా ఇచ్చిన సొమ్ము ఎంతకాలంలో తిరిగి వస్తుందో ఒప్పందంలో రాసి ఉండాలి. అనుమతి వచ్చేదాకా పెద్ద మొత్తం చేతులు మారకుండా చూసుకోవడం మేలు.

కట్టడం ఆరోగ్యం

రంగు వేసిన గోడ లోపలి స్థితిని చెప్పదు. భవనం ఏ పదార్థంతో కట్టారన్నదాన్ని బట్టి పరీక్షలు మారతాయి. పాత కలప ఇళ్లలో భారమంతా స్తంభాలు, దూలాలపై ఉంటుంది. మధ్య ఖాళీలను ఇటుక, సున్నంతో నింపుతారు. దూలం మధ్య భాగం గట్టిగా కనిపించినా, గోడలోకి చొచ్చుకుపోయిన కొస తేమకు కుళ్లి ఉండవచ్చు. చెదలు పట్టేది ఎక్కువగా అక్కడే. సున్నపు గోడలపై తరువాతి కాలంలో సిమెంటు పూత వేయడం మరో సమస్య. సున్నం లోపలి తేమను బయటకు వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. గోడ బయటకు పొడిగా కనిపిస్తూ లోపల బలహీనపడుతుంది. కలప ఇంట్లో తరువాత చేర్చిన స్నానాల గది, మరుగుదొడ్డి కింది దూలాలను ప్రత్యేకంగా చూడాలి.

కాంక్రీటు భవనాల్లో శత్రువు తుప్పు. సముద్రతీరానికి దగ్గరగా ఉన్న సూరత్‌లో గాలిలో తేమ ఎక్కువ. స్తంభాల పగుళ్లు నిలువుగా, కడ్డీ వెంబడి సాగితే లోపలి ఇనుము ఉబ్బుతున్నట్టు లెక్క. రీబౌండ్ హామర్, అల్ట్రాసోనిక్ తరంగాల పరీక్షలు కాంక్రీటు నాణ్యతను అంచనా వేస్తాయి. మరో పరీక్ష కడ్డీలకు పట్టిన తుప్పు స్థాయిని సూచిస్తుంది. ఇవి భవనాన్ని పగలగొట్టకుండానే చేసే పరీక్షలు. విక్రేత చూపించే పాత ధ్రువపత్రంతో సరిపెట్టుకోకుండా, కొనుగోలుదారు స్వయంగా నియమించుకున్న స్ట్రక్చరల్ ఇంజినీరు చేత మొత్తం భవనాన్ని చూపించాలి. ఒక్క ఫ్లాటును చూసి ప్రయోజనం లేదు. పై ఫ్లాటు భారాన్ని మోసేది కింది అంతస్తు స్తంభాలే.

పాత నగరపు భవనాల్లో మరో ప్రమాదం ఉంది. నివాసం కోసం కట్టిన అంతస్తుల్లో బట్టల బేళ్ల నిల్వలు, ఎంబ్రాయిడరీ యంత్రాలు, వజ్రాల సాన పట్టే పని కేంద్రాలు వెలుస్తాయి. వాటి బరువు, ప్రకంపనలు భవనం రూపకల్పనలో లెక్కించినవి కావు. అందువల్ల పగటిపూట, పనిదినం నాడు భవనాన్ని చూడాలి. పక్క ఇంటితో గోడ ఉమ్మడిదైతే, ఆ ఇంటిని కూల్చిన రోజున ఈ ఇంటికి ఆధారం ఏమిటో కూడా ఇంజినీరును అడగాలి. సూరత్ మెట్రో మొదటి మార్గం కాపోద్రా నుంచి చౌక్ బజార్ వరకు భూగర్భంలో సాగుతుంది. ఆ మార్గానికి సమీపంలోని భవనాలు కొనేవారు కొత్త పగుళ్లను, పాత పగుళ్లను వేరు చేసి నమోదు చేయించుకోవాలి.

భవనం వయసు ఒక్కటే ప్రమాదాన్ని నిర్ణయించదు. 2024 జులై 6న సూరత్ శివారు సచిన్ ప్రాంతంలోని పాలీ వద్ద బహుళ అంతస్తుల భవనం కూలి ఏడుగురు మరణించారు. ఆ భవనానికి పదేళ్లు కూడా నిండలేదు. 2001 జనవరి 26న కచ్‌లో సంభవించిన భూకంపం వందల కిలోమీటర్ల దూరంలోని అహ్మదాబాద్, సూరత్‌లలోనూ భవనాలను కూల్చింది. సక్రమంగా కట్టి, సక్రమంగా కాపాడుకున్న వందేళ్ల ఇల్లు, నాసిరకంగా కట్టిన పదేళ్ల భవనం కంటే పటిష్ఠంగా ఉండవచ్చు. అది నమ్మకంతో కాక పరీక్షతో తేలవలసిన విషయం.

వర్షాకాలానికి ముందు నగరపాలక సంస్థ శిథిల భవనాలకు నోటీసులు ఇస్తుంది. గుజరాతీలో వీటిని ‘జర్జరిత్’ భవనాలంటారు. కూలే స్థితిలో ఉన్న కట్టడాన్ని ఖాళీ చేయించి తొలగించే అధికారం మున్సిపల్ చట్టం కింద కమిషనర్‌కు ఉంది. కొనబోయే భవనానికి గతంలో నోటీసు వచ్చిందా, దానిపై ఏ మరమ్మతులు జరిగాయి అన్నది జోనల్ కార్యాలయంలో విచారించాలి.

నీరు, నిప్పు, వీధి

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి విడుదలైన నీటితో తాపీ పొంగి నగరంలో అత్యధిక భాగం మునిగిపోయింది. ఉకాయ్ సూరత్‌కు సుమారు 100 కిలోమీటర్ల ఎగువన ఉంది. నదికి దగ్గరగా ఉన్న పాత వీధుల్లో నాడు నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో పొరుగున ఉన్న వృద్ధులు గోడ మీద చేయి పెట్టి చూపగలరు. కింది అంతస్తు కొనేవారికి ఆ గీతే అసలైన పత్రం. విద్యుత్ మీటర్లు, నీటి మోటారు ఆ గీతకు పైన ఉన్నాయా అన్నది చూడాలి.

అగ్నిప్రమాదం విషయంలో వీధి వెడల్పు ప్రాణాలతో ముడిపడినది. 2019 మే 24న సర్థాణా ప్రాంతంలోని తక్షశిల ఆర్కేడ్‌లో జరిగిన ప్రమాదంలో 22 మంది విద్యార్థులు మరణించిన తరువాత నగరంలో భద్రతపై పట్టింపు పెరిగింది. అది విశాలమైన రోడ్డు పక్కన జరిగిన దుర్ఘటన. పాత నగరపు వీధిలోకి అగ్నిమాపక శకటం రాగలదా, మెట్లు ఒక్కటేనా, ఆ మెట్లు కలపవా, కింది అంతస్తులో వస్త్ర గోదాము ఉందా అన్న ప్రశ్నలకు జవాబు కొనేముందే తెలియాలి.

వారసత్వమా, పునర్నిర్మాణమా?

దళారి చెప్పిన రెండు మాటల్లో ఏది నిజమో ఇప్పుడు పరిశీలించవచ్చు.

జాతీయ ప్రాధాన్యం గల కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010 సవరణ ప్రకారం నిషేధిత ప్రాంతంలో కొత్త నిర్మాణానికి అవకాశం లేదు. మరమ్మతులకూ అనుమతి కావాలి. సూరత్‌లో ఆంగ్లేయుల, డచ్చివారి పాత సమాధుల వంటివి ఈ పరిరక్షణలో ఉన్నాయి. వాటి సమీపంలో పాత భవనం కొని కొత్త భవనం కోసం ఎదురుచూడటం వృథా. ఇది కాక, రాష్ట్ర అభివృద్ధి నియంత్రణ నిబంధనలు వారసత్వ కట్టడాల్లో మార్పులకు, కూల్చివేతకు పరిమితులు విధిస్తాయి. భవనం నగరపాలక సంస్థ వారసత్వ జాబితాలో ఉందో లేదో లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

జాబితాలో ఉండటం తనంతట తానుగా నష్టమేమీ కాదు. 2017లో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తింపు పొందిన అహ్మదాబాద్‌లో పాత ఇళ్ల యజమానులు అభివృద్ధి హక్కులను బదిలీ చేసి, ఆ సొమ్ముతో మరమ్మతు చేయించుకునే విధానం ఉంది. సూరత్‌కు ఆ హోదా లేదు. అయితే నగరపాలక సంస్థ కోటను పునరుద్ధరించింది, గుజరాతీ కవి నర్మద్ ఇంటిని స్మారకంగా కాపాడుతోంది. ప్రైవేటు ఇంటి మరమ్మతు భారం మాత్రం యజమానిదే. సున్నపు పని, కలప పని తెలిసిన పనివారు అరుదు, కూలి ఎక్కువ. అటువంటి ఇల్లు కొనేవారు ఏటా మరమ్మతు నిధిని ఖర్చులో భాగంగా లెక్కించుకోవాలి.

జాబితాలో లేని భవనానికి పునర్నిర్మాణ అవకాశం ఉంటుంది. 2018 సవరణ ప్రకారం 25 ఏళ్లు దాటిన లేదా శిథిలావస్థకు చేరిన భవనాన్ని 75 శాతం ఫ్లాటు యజమానుల సమ్మతితో పునర్నిర్మించవచ్చు. అంతకుముందు అందరి సమ్మతీ కావలసి వచ్చేది, ఒక్కరు కాదన్నా పని ఆగిపోయేది. ఈ సవరణ రెండు వైపులా పదునున్నది. పునర్నిర్మాణం కోరుకునేవారికి మార్గం సుగమమైంది. ఇల్లు వదలకూడదనుకునే 25 శాతం మందికి మెజారిటీ నిర్ణయాన్ని అంగీకరించడం తప్పదు.

సమ్మతి ఒక్కటే చాలదు. కొత్త భవనం ఎత్తు ముందున్న రోడ్డు వెడల్పుపై ఆధారపడుతుంది. ఇరుకు వీధిలో ఇప్పుడున్న అంతస్తులకు మించి కట్టే వీలు లేకపోతే, బిల్డరుకు అమ్ముకోవడానికి అదనపు ఫ్లాట్లు మిగలవు. లాభం లేని చోటికి బిల్డరు రాడు. పాత భవనం ఆక్రమించిన ఖాళీ స్థలాన్ని కొత్త భవనంలో వదలవలసి వస్తే ఉన్న విస్తీర్ణం కూడా తగ్గవచ్చు. అందువల్ల పునర్నిర్మాణ ఆశతో అదనంగా చెల్లించే ముందు స్వతంత్ర ఆర్కిటెక్ట్ చేత ఆ స్థలంలో ఎంత కట్టవచ్చో లెక్క వేయించాలి. కొత్త ప్రాజెక్టు మొదలైతే, స్థలం 500 చదరపు మీటర్లు లేదా యూనిట్లు ఎనిమిది దాటినప్పుడు రెరా నమోదు అవసరం. పాత ఫ్లాటు పునఃవిక్రయానికి మాత్రం రెరా కల్పించే ఐదేళ్ల నిర్మాణ లోపాల హామీ ఉండదు.

అనధికార నిర్మాణాలూ ఈ దశలోనే బయటపడతాయి. మేడపై తరువాత కట్టిన అంతస్తు, వీధిలోకి పెంచిన బాల్కనీ అనుమతి లేనివి కావచ్చు. భవన వినియోగ అనుమతి, అంటే బీయూ పర్మిషన్, ఉందో లేదో అడగాలి. 2011లోను, 2022లోను ఇంపాక్ట్ ఫీజు చెల్లించి క్రమబద్ధీకరించుకునే అవకాశాన్ని రాష్ట్రం కల్పించింది. దరఖాస్తు చేశామన్న రసీదు వేరు, ఆమోద పత్రం వేరు.

డబ్బు లెక్క

ఉదాహరణకు ఫ్లాటు ధర 30 లక్షల రూపాయలనుకుందాం. గుజరాత్‌లో స్టాంపు సుంకం 4.9 శాతం, అంటే 1,47,000 రూపాయలు. రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, 30,000 రూపాయలు. మహిళల పేరిట మాత్రమే రిజిస్టర్ చేస్తే ఈ 30,000 మినహాయింపు లభిస్తుంది. ప్రభుత్వం నిర్ణయించే కనీస విలువను జంత్రీ అంటారు. జంత్రీ విలువ ఒప్పంద ధర కంటే ఎక్కువైతే సుంకాన్ని దానిపైనే లెక్కిస్తారు. 2011 నుంచి మారని జంత్రీ ధరలను ప్రభుత్వం 2023 ఏప్రిల్ 15 నుంచి భారీగా పెంచింది. పూర్తయిన పాత ఫ్లాటుపై జీఎస్టీ లేదు. ధర 50 లక్షలు లేదా అంతకు మించితే కొనుగోలుదారు 1 శాతం టీడీఎస్ మినహాయించి జమ చేయాలి.

బ్యాంకు రుణం దగ్గర పాత భవనం వయసు అడ్డు పడుతుంది. బ్యాంకు తన అంచనాదారు నిర్ణయించిన విలువపైనే రుణం ఇస్తుంది, విక్రేత అడిగిన ధరపై కాదు. 30 లక్షల వరకు రుణాలకు ఆస్తి విలువలో గరిష్ఠంగా 90 శాతం ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. పై ఫ్లాటును అంచనాదారు 25 లక్షలుగా లెక్కిస్తే రుణం 22.5 లక్షలకు మించదు. మిగిలిన 7.5 లక్షలు, సుంకం, రుసుము 1.77 లక్షలు కలిపి 9.27 లక్షలు చేతి నుంచి పెట్టాలి. భవనం మిగిలిన ఆయుర్దాయం రుణ కాలపరిమితి కంటే తక్కువని తేలితే రుణమే రాకపోవచ్చు. అందువల్ల బయానాకు ముందే బ్యాంకు ప్రాథమిక అభిప్రాయం తీసుకోవడం మంచిది. రుణం రాని భవనాన్ని రేపు అమ్మబోతే, కొనేవారికీ రుణం రాదు.

ఇక్కడే ధరలో కొంత భాగం నగదుగా ఇవ్వమనే ఒత్తిడి వస్తుంది. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తోంది. తీసుకున్న సొమ్ముకు సమానమైన జరిమానా ఉంటుంది. కాగితంపై ధర జంత్రీ విలువ కంటే నిర్దేశిత పరిమితికి మించి తక్కువైతే, ఆ తేడా కొనుగోలుదారు ఆదాయంగా పన్నుకు లోనవుతుంది. అమ్మకం రద్దయితే నగదుగా ఇచ్చిన సొమ్ముకు రుజువే ఉండదు.

సహకార గృహ సంఘం వసూలు చేసే బదిలీ రుసుముకు రాష్ట్ర ప్రభుత్వం పరిమితి విధించింది. ఫ్లాటు విలువలో 0.5 శాతం లేదా లక్ష రూపాయలు, ఏది తక్కువైతే అంతే. పాత బకాయిలు లేవన్న పత్రం, సంఘం గత సమావేశాల తీర్మానాల నకళ్లు తీసుకోవాలి. పునర్నిర్మాణం గురించి దళారి చెప్పేదానికి, తీర్మానాల పుస్తకంలో ఉన్నదానికి పొంతన ఉందో లేదో అక్కడే తేలుతుంది.

బయానా ఇచ్చే ముందు

పై అంశాలను వరుసక్రమంలో పరిశీలిస్తే ఖర్చు తగ్గుతుంది. ముందుగా ఖర్చు లేనివి: భవనం ఏ రకానికి చెందినది, కల్లోలిత ప్రాంతమా, వారసత్వ జాబితాలో ఉందా, శిథిల భవనాల నోటీసు వచ్చిందా, ప్రాపర్టీ కార్డులో ఎవరి పేర్లున్నాయి. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా అక్కడే ఆగవచ్చు. తరువాత కొద్దిపాటి ఖర్చుతో కూడినవి: 30 ఏళ్ల హక్కు పరిశీలన, పత్రికా ప్రకటన, ఇంజినీరు పరీక్ష, ఆర్కిటెక్ట్ లెక్క, బ్యాంకు అంచనా. ఇవన్నీ పూర్తయ్యాకే బాణాఖత్ రాసుకుని, దాన్ని కూడా రిజిస్టర్ చేయించాలి. కలెక్టర్ అనుమతి, రుణ మంజూరు రాకపోతే సొమ్ము వాపసు ఇవ్వాలన్న షరతు అందులో ఉండాలి.

గుజరాతీ చదవలేని కొనుగోలుదారు దస్తావేజును విక్రేత మనిషి చేత కాక, తనకు నమ్మకమైన వ్యక్తి చేత మాటమాటకు చదివించుకుని అర్థం తెలుసుకోవాలి. ముఖ్యంగా విస్తీర్ణం, స్థలంలో వాటా, పైకప్పు హక్కు, హద్దులు, విక్రేతలందరి పేర్లు.

ఈ పరిశీలన తరువాత కూడా కొనదగిన ఇళ్లు పాత సూరత్‌లో లేకపోలేదు. పత్రాలు సక్రమంగా ఉండి, స్తంభాలు గట్టిగా ఉండి, పొరుగువారు మరమ్మతుకు కలిసివచ్చే భవనంలో ఫ్లాటు, బజారుకు నడిచి వెళ్లగల దూరంలో దొరకడం నివాసానికి మంచి అవకాశమే. అటువంటి ఇంటికి చెల్లించవలసిన ధర, అందులో ఈ రోజు నివసించడానికి తగిన ధర. రేపు రాబోయే కొత్త ఫ్లాటుకు, తీర్మానమూ లెక్కా చేతికి రాకముందే, ఈ రోజు ధర కట్టనవసరం లేదు.